పలుగురాయిలో చిక్కిన నీటి బొట్టును చదవడం: నెల్లూరు, ప్రకాశం రాళ్ళతో ఫ్లూయిడ్ ఇన్‌క్లూజన్ పని

సైదాపురం, రాపూరు వైపు మైకా (అభ్రకం) గనుల దిబ్బల మీద పలుగురాయి పాలు పోసినట్టు తెల్లగా ఉంటుంది. ఆ తెలుపు రాయి రంగు కాదు. కల్మషం లేని పలుగురాయి గాజులా అవతలి వైపు చూపిస్తుంది. రాయి పెరిగేటప్పుడు కొన్ని, పెరిగాక పగిలి మళ్ళీ అతుక్కున్నప్పుడు కొన్ని, లోపల చిక్కిన లెక్కలేనన్ని నీటి బొట్లు వెలుతురును చెదరగొట్టడం వల్ల అది తెల్లగా కనబడుతుంది. ఒక్కో బొట్టు ఎక్కువగా 20 మైక్రాన్ల లోపే, అంటే తల వెంట్రుక మందంలో మూడో వంతు కూడా ఉండదు. దీన్నే ఫ్లూయిడ్ ఇన్‌క్లూజన్ అంటాం. పలుగురాయి (క్వార్ట్జ్) కొనేవాళ్ళకూ ఇది పట్టే విషయమే. రాయిని కరిగించి స్వచ్ఛమైన సిలికా గాజు చేసేటప్పుడు ఈ బొట్లే బుడగలై గాజును చెడగొడతాయి.

వేడి నీరు సందు నిండా ఉన్నప్పుడు రాయి మూసుకుపోయింది. చల్లారాక నీరు కుంచించుకుని, మిగిలిన ఖాళీలో ఆవిరి బుడగ పుట్టింది. మళ్ళీ వేడి చేస్తే బుడగ ఏ ఉష్ణోగ్రత దగ్గర మాయమవుతుందో, నీరు చిక్కినప్పుడు కనీసం అంత వేడి ఉండి ఉండాలి. ఇంగ్లండ్ భూశాస్త్రవేత్త హెన్రీ క్లిఫ్టన్ సార్బీ 1858లో చెప్పిన ఈ ఆలోచన మీదే ఇప్పటికీ పని నడుస్తోంది. అయితే ఒక షరతు ఉంది: చిక్కిన తర్వాత లోపలి నీరు బయటికి పోకూడదు, కొత్తది రాకూడదు, సందు పరిమాణం మారకూడదు.

బుడగ మాయమైన ఉష్ణోగ్రతను ఎవరైనా రాసుకోగలరు. ఆ బొట్టు ఎప్పుడు చిక్కిందో, ఏ సంఘటనకు చెందిందో తేల్చడమే అసలు పని. అది తేలకుండా కొలిచిన వంద అంకెలకన్నా, తేల్చుకుని కొలిచిన అయిదు అంకెలు విలువైనవి.

రాయి ఎంచుకోవడం

మన ఉమ్మడి నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఈ పనికి పనికొచ్చే రాళ్ళు నాలుగు రకాలు, ఒక్కోదానితో ఒక్కో చిక్కు. నెల్లూరు షిస్టు (పొరలుగా విడిపోయే రాయి) బెల్టులోని మైకా పెగ్మటైట్లలో, అంటే పెద్ద పెద్ద స్ఫటికాలున్న గ్రానైటు లాంటి రాళ్ళలో, పలుగురాయి, బెరిల్ అనే ఖనిజం దొరుకుతాయి. ఉదయగిరి వైపు గరిమెనపెంట పాత రాగి తవ్వకాల దగ్గర షిస్టులో సిరలు, అంటే పగుళ్ళలో పేరుకున్న ఖనిజపు చారలు, ఉన్నాయి. కనిగిరి గ్రానైటులో ఊదారంగు ఫ్లోరైటు ఉంది. మార్కాపురం, కంభం పలకరాళ్ళను కోసుకుంటూ పోయే తెల్లటి సిరలు నాలుగోవి.

పెగ్మటైటులో అంచు నుంచి నడిమికి పొరలు మారుతుంటాయి. మధ్యలో గుట్టలా నిలిచేది క్వార్ట్జ్ కోర్. అంచు పొర, ఫెల్డ్‌స్పార్ పొర, కోర్ అంచు, కోర్ నడిమి, ఒక్కోచోట పిడికెడంత ముక్కలు మూడు నుంచి అయిదు తీసుకోండి. అభ్రకం పుస్తకాల (రేకుల దొంతరల) మధ్య ఇరుక్కున్న పలుగురాయి దొరికితే వదలొద్దు. అభ్రకంతో కలిసి పెరిగిందనడానికి అంతకన్నా మంచి ఆధారం రాయి తీసే చోట కనబడదు. దిబ్బ మీద దొర్లే ముక్క ఏ పొరదో చెప్పలేం. అది పాలిష్ నేర్చుకోవడానికి సరిపోతుంది, ఫలితాలు రాయడానికి పనికిరాదు.

మందు పేల్చిన ముఖం నుంచి తీయొద్దు. పేలుడు అదురుకు సన్నటి కొత్త పగుళ్ళు పుట్టి బొట్లు కారిపోతాయి. ఉలి, సుత్తితో లోపలికి వెళ్ళి తీయాలి. ప్రతి ముక్క మీద పెయింట్ పెన్నుతో నంబరు, పైవైపు చూపే బాణం గుర్తు, సిర దిశ రాయాలి. లీజుదారు అనుమతి లేకుండా గనిలోకి దిగకూడదు. వదిలేసిన మైకా గుంతల్లో నీళ్ళు లోతుగా ఉంటాయి, గట్లు జారిపోతాయి. మనకు ఈశాన్య రుతుపవనాల వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి కాబట్టి జనవరి నుంచి మార్చి లోపు వెళ్ళడం మేలు.

గరిమెనపెంట లాంటి చోట ఇంకో జాగ్రత్త. పలుగురాయి పక్కన రాగి ఖనిజం ఉన్నంత మాత్రాన రెండూ ఒకే నీటిలోంచి పుట్టాయని కాదు. పలుగురాయి ముందే ఉండి, అది పగిలాక ఆ పగుళ్ళలోకి రాగి వచ్చి ఉండొచ్చు. ఖనిజపు గింజ చుట్టూ పలుగురాయి ముఖాలు చక్కగా పెరిగి ఉన్నాయా, లేక ఖనిజం పగుళ్ళ వెంట పాకిందా అన్నది ముందు లూపుతోనే (చేతి భూతద్దంతోనే) చూసుకోండి.

బిళ్ళ తయారీ

సాధారణ థిన్ సెక్షన్ 30 మైక్రాన్ల మందం ఉంటుంది. ఈ పనికి అది చాలదు, అందులో పెద్ద బొట్లన్నీ తెగిపోతాయి. రెండు వైపులా పాలిష్ చేసిన బిళ్ళ కావాలి. పలుగురాయికి 100 నుంచి 200 మైక్రాన్లు. మరీ పాలలా ఉంటే 80 దాకా తగ్గించండి, లేకపోతే అంతా పొగమంచులా కనబడుతుంది. బాగా తేటగా ఉన్న బెరిల్ అయితే 300 వరకూ ఫరవాలేదు.

మొదటి కోత చీమకుర్తి, ఒంగోలు వైపు గ్రానైటు కోసే చోట నీళ్ళు పోస్తూ చేయించుకోవచ్చు, కానీ ఆ పెద్ద బ్లేడు దెబ్బ తగిలిన ముఖం నుంచి 5 మిల్లీమీటర్లు తీసి పారేయాలి. తర్వాతి కోత నెమ్మదిగా తిరిగే చిన్న డైమండ్ రంపంతో, 2 మిల్లీమీటర్ల పలక. ఒక ముఖాన్ని అద్దం పలక మీద 400, 600, 1000 నంబరు సిలికాన్ కార్బైడ్ పొడులతో వరసగా రుద్ది, చివరకు 1 మైక్రాన్ డైమండ్ పేస్టుతో గానీ 0.3 మైక్రాన్ అల్యూమినాతో గానీ మెరుగు పెట్టాలి. పొడి మార్చిన ప్రతిసారీ ముక్కనూ చేతులనూ బాగా కడగాలి. 400 నంబరు గింజ ఒక్కటి చివరి గుడ్డ మీదికి చేరిందంటే గంట పని మళ్ళీ మొదటికొస్తుంది.

మెరుగు పెట్టిన ముఖాన్ని గాజు స్లైడుకు సూపర్‌గ్లూతో అంటించండి. వేడితో కరిగించే మైనం, బాల్సం వద్దు. వాటికి వంద డిగ్రీలకు పైన వేడి కావాలి, ఆ వేడికి కొన్ని బొట్లు స్టేజ్ (వేడి, చలి పెట్టి కొలిచే పెట్టె) ఎక్కకముందే చెడిపోతాయి. ఎపాక్సీ మళ్ళీ ఊడి రాదు. రెండో ముఖాన్ని అరగదీసి, మెరుగు పెట్టి, స్లైడును అసిటోన్‌లో ఒక రాత్రి నానబెడితే బిళ్ళ తనంతట విడిపోతుంది. బ్లేడుతో పెకలిస్తే ముక్కలైపోతుంది. జిగురు పొర మిగిలితే వేడి చేసినప్పుడు పొగచూరి స్టేజ్ కిటికీ గాజును మసకబారుస్తుంది, కాబట్టి కొత్త అసిటోన్‌లో ఇంకోసారి కడగండి.

ఎవరు ఎవరి గుంపు

ఇక్కడ తొందరపడితే మిగతా పనంతా వృథా. బిళ్ళను స్టేజ్ మీద పెట్టేముందు కనీసం రెండు రోజులు మామూలు మైక్రోస్కోపు కింద గడపండి. 5 రెట్ల లెన్సుతో మొత్తం బిళ్ళ ఫోటో తీసి, ప్రింటు మీద బొట్ల వరసలు పెన్సిలుతో గీయండి. తర్వాత 10, ఆ తర్వాత దూరం నుంచి ఫోకస్ అయ్యే 50 రెట్ల లెన్సు.

స్ఫటికం పెరుగుదల గీతల వెంట, దాని ముఖాలకు సమాంతరంగా ఉన్నవి పెరిగేటప్పుడు చిక్కినవి. ఇవి ప్రైమరీ. అతుక్కుపోయిన పగులు వెంట పరచుకుని గింజ అంచును దాటి పక్క గింజలోకి పోయేవి సెకండరీ. పగులు వెంటే ఉన్నా లోపలి ఒక పెరుగుదల గీత దగ్గర ఆగిపోయేవి సూడోసెకండరీ. ఇవి రాయి ఇంకా పెరుగుతుండగానే పగిలి చిక్కినవి కాబట్టి ప్రైమరీ వాటితో సమానంగా పనికొస్తాయి. ఒంటరిగా పెద్దగా ఉంది కాబట్టి ప్రైమరీ అనుకోవడం చాలామంది చేసే పొరపాటు. పెరుగుదల గీత కనబడకపోతే ‘తెలియదు’ అని రాయండి. మన పెగ్మటైట్ కోర్‌లలో, మార్కాపురం సిరల్లో ఒత్తిడికి నలిగిన గింజలు ఎక్కువ, సెకండరీ వరసలే రాజ్యమేలుతుంటాయి. వాటిని కొలిస్తే తెలిసేది రాయి పుట్టుక కాదు, ఆ తర్వాతి చరిత్ర. అదీ విలువైనదే, పేరు సరిగ్గా పెడితే.

ఒకే గీత వెంట, ఒకేసారి చిక్కిన బొట్ల సమూహాన్ని ఒక గుంపుగా తీసుకోవాలి. కొలతకు యూనిట్ బొట్టు కాదు, గుంపు. గుంపులో బొట్లన్నిటిలోనూ బుడగ వాటా ఒకేలా ఉండాలి. ఒకదానిలో సగం బుడగ, పక్కదానిలో అసలే లేకపోతే నెకింగ్ జరిగిందేమో చూడండి: పొడుగాటి బొట్టు చల్లారుతూ నడుము సన్నబడి రెండుగా తెగినప్పుడు, బుడగ ఒక ముక్కకు, నీరు ఒక ముక్కకు పోతాయి. తోకలా సాగిన కొసలు ఒకదానికొకటి ఎదురెదురుగా కనబడితే అదే. అలాంటి గుంపును వదిలేయండి.

బుడగ వాటా అంచనాలో కన్ను మోసం చేస్తుంది. గుండ్రటి బొట్టులో బుడగ వ్యాసం బొట్టు వ్యాసంలో సగం ఉంటే ఘనపరిమాణంలో అది ఎనిమిదో వంతే. చిన్న బుడగ అయితే నిలకడగా ఉండక వణుకుతూ తిరుగుతుంటుంది. అలా వణికితే లోపల ద్రవం ఉన్నట్టే. నల్లగా, కదలకుండా, బిళ్ళ పైతలానికే ఫోకస్ అయితే అది బొట్టు కాదు, పాలిష్‌లో పడిన గుంట.

వేసవిలో ఇక్కడ ఒక చిక్కు వస్తుంది. కార్బన్ డయాక్సైడ్ ద్రవంగా, వాయువుగా రెండుగా కనబడేది 31 డిగ్రీల లోపే. మే నెలలో ఏసీ లేని గదిలో 36 డిగ్రీలుంటే, నీటిలో ఉంగరంలో ఉంగరంలా కనబడాల్సిన బొట్టులో ఒక్క బుడగే కనబడుతుంది, మామూలు నీటి బొట్టని రాసేస్తారు. మైక్రోస్కోపు దీపం వేడి కూడా దీనికి తోడవుతుంది. బిళ్ళను చల్లబరచి మళ్ళీ చూడండి. బుడగ లోపల ఇంకో బుడగ లేస్తే కార్బన్ డయాక్సైడ్ ఉన్నట్టు.

స్టేజ్ అందుబాటులో లేనివాళ్ళు చేయదగ్గ పరీక్ష ఒకటుంది. చిన్న ముక్కను రెండు గాజు పలకల మధ్య గ్లిజరిన్ చుక్కలో పెట్టి, మైక్రోస్కోపు కింద చూస్తూ మెల్లగా నలపండి. బొట్టు పగిలిన క్షణంలో బుడగ ఒక్కసారిగా పెద్దదై చుట్టూ ఎగిసిందంటే లోపల ఒత్తిడితో వాయువు ఉంది. ముడుచుకుని మాయమైతే అది ఉత్త నీటి ఆవిరి. కళ్ళజోడు పెట్టుకుని చేయండి.

గడ్డకట్టించడం

స్టేజ్ అంటే బిళ్ళ ముక్కను మైక్రోస్కోపు కిందే −196 నుంచి 600 డిగ్రీల దాకా తీసుకెళ్ళే చిన్న పెట్టె. చల్లబరచడానికి ద్రవ నైట్రోజన్ వాడతారు. ఒంగోలు గిత్తల వీర్యాన్ని నిల్వ చేసే డబ్బాల్లో ఉండేది కూడా ఇదే. తలుపులు మూసిన గదిలో వాడకూడదు, గాలిలో ఆక్సిజన్ తగ్గిపోతుంది.

ముందు క్యాలిబ్రేషన్, అంటే స్టేజ్ చూపే అంకె సరైనదో కాదో సరిచూసుకోవడం. కృత్రిమంగా చేసిన ప్రామాణిక బొట్లతో −56.6 డిగ్రీల దగ్గర కార్బన్ డయాక్సైడ్ కరగడం, 0 దగ్గర మంచినీటి మంచు కరగడం, 374.1 దగ్గర నీటి క్రిటికల్ బిందువు (ద్రవానికీ ఆవిరికీ తేడా చెరిగిపోయే చోటు) చూసుకోవాలి. బిళ్ళ ముక్క 5 మిల్లీమీటర్ల లోపు ఉండాలి, స్టేజ్ లోపలి వెండి దిమ్మ నడిమధ్యలో పెట్టాలి. అంచుకు జరిగితే, కింద దుమ్ము ఉండి పూర్తిగా ఆనకపోతే అంకె తప్పుతుంది. మన తీరపు గాలిలో తేమ ఎక్కువ కాబట్టి, చల్లబరచే ముందు పొడి నైట్రోజన్‌ను పెట్టెలోకి కొద్దిసేపు పంపకపోతే కిటికీ మీద మంచు పేరుకుని ఏమీ కనబడదు.

పలుగురాయి అయితే ముందు గడ్డకట్టించి, తర్వాత వేడి చేయాలి. ఎందుకంటే వేడికి కొన్ని బొట్లు పేలిపోవచ్చు, అప్పుడు ఉప్పు సమాచారమూ పోతుంది. కనిగిరి ఫ్లోరైటు లాంటి మెత్తటి ఖనిజానికి వరస తిరగేయాలి: నీరు మంచైనప్పుడు సుమారు 9 శాతం ఉబ్బి, బుడగ ఖాళీని నింపేసి, గోడను సాగదీస్తుంది. ఆ తర్వాత కొలిచే వేడి అంకె అసలు కన్నా ఎక్కువ వస్తుంది. అందుకే ఫ్లోరైటులో ముందు వేడి, తర్వాత చలి, ఆ రెండింటికీ వేర్వేరు ముక్కలు ఉంటే ఇంకా మంచిది.

నిమిషానికి 50 డిగ్రీల వేగంతో −100కు దించండి. 0 దగ్గర గడ్డకట్టదు, −40 నుంచి −50 మధ్యలో బుడగ ఒక్కసారిగా నలిగి ముడుచుకుంటుంది. అదే గడ్డకట్టిన క్షణం. రెండు నిమిషాలు ఆగి పైకి రండి. మొదట మంచు గరుకుగా మారి తడి మెరుపు కనబడే చోటు, అంటే మొదటి కరుగు, ఉప్పు రకం చెబుతుంది. −21.2 దగ్గరయితే మామూలు సోడియం క్లోరైడ్, −52 దగ్గరయితే కాల్షియం క్లోరైడ్ కలిసి ఉంది. చిన్న బొట్లలో ఇది కనబడటం కష్టం, చూడకుండా ఊహించి రాయొద్దు.

ఆ తర్వాత వేగాన్ని నిమిషానికి అర డిగ్రీకి తగ్గించి, చివరి మంచు పలుకు ఎక్కడ కరిగిందో పట్టుకోవాలి. మంచు కనబడకపోతే బుడగను చూడండి. మంచు ఉన్నంతసేపు అది ఒక పక్కకు నొక్కుకుపోయి ఉంటుంది, చివరి పలుకు పోగానే గుండ్రంగా గెంతుతుంది. అనుమానం ఉంటే 0.2 డిగ్రీ పెంచి వెంటనే దించండి. పలుకు మిగిలి ఉంటే అది వెంటనే పెరుగుతుంది. అంతా కరిగిపోయి ఉంటే మళ్ళీ −40 దాకా వెళ్తే గానీ గడ్డకట్టదు. ఇలా మెట్టు మెట్టుగా ఎక్కుతూ పోతే 0.2 డిగ్రీ తేడాలోపు పట్టుకోవచ్చు.

కరిగిన అంకెలో మైనస్ గుర్తు తీసేసి ‘మ’ అనుకోండి. ఉప్పు శాతం = 1.78 × మ − 0.0442 × మ² + 0.000557 × మ³. −5.0 దగ్గర కరిగితే 8.90 − 1.105 + 0.070, అంటే బరువులో 7.86 శాతం ఉప్పు. సముద్రపు నీటికి రెండింతల పైమాటే. ఈ సూత్రం 23.2 శాతం దాకానే. నీటిలో ఉప్పు ఇక కరగని స్థితి, ఇసకపల్లి ఉప్పు మళ్ళలో గింజ కట్టే స్థితి, గది ఉష్ణోగ్రత దగ్గర సుమారు 26 శాతం. బొట్టులో చిన్న చదరపు ఉప్పు స్ఫటికం కనబడితే నీరు అంతకన్నా ఉప్పన. అప్పుడు మంచును వదిలేసి, వేడి చేసేటప్పుడు ఆ చదరం కరిగిన ఉష్ణోగ్రత చూడాలి. 300 డిగ్రీల దగ్గర కరిగితే ఉప్పు సుమారు 38 శాతం.

కార్బన్ డయాక్సైడ్ ఉన్న బొట్టుకు పై సూత్రం వాడకూడదు. చల్లబడినప్పుడు అది నీటితో కలిసి క్లాత్రేట్ అనే గడ్డ కడుతుంది. గడ్డ మంచినీటిని లాగేసుకోవడంతో మిగిలిన నీరు ఉప్పనై, లెక్క ఎక్కువ చూపిస్తుంది. ద్రవ, వాయు కార్బన్ డయాక్సైడ్ రెండూ ఉండగా క్లాత్రేట్ కరిగిన ఉష్ణోగ్రతను ‘క’ అనుకుంటే, ఉప్పు = 15.52 − 1.0234 × క − 0.0529 × క². 8 డిగ్రీల దగ్గర కరిగితే సుమారు 3.95 శాతం, ఉప్పే లేకపోతే 10 దగ్గర. ఆ వాయువు −56.6కు ముందే కరిగితే మీథేనో నైట్రోజనో కలిసి ఉంది.

వేడి చేయడం

ఒక ముక్కలో బుడగ తొందరగా మాయమయ్యే గుంపుతో మొదలుపెట్టి ఎక్కువ వేడి కావాల్సిన గుంపు వైపు పోవాలి. తిరగేస్తే తక్కువ వేడి గుంపులు సాగిపోయో పేలిపోయో ఉంటాయి. దూరంలో నిమిషానికి 10 డిగ్రీలు, దగ్గర పడ్డాక 1 డిగ్రీ. బుడగ కుంచించుకుని మూలకు పోయి నలుపులో కలిసిపోతుంది, మాయమైందో దాక్కుందో తెలియదు. అప్పుడు పైన చెప్పిన పద్ధతే: కొంచెం దించండి. బుడగ వెంటనే మెల్లగా పెరిగితే మాయం కాలేదు. చాలా డిగ్రీలు దిగాక టక్కున పుడితే మాయమైందని అర్థం. బుడగ ద్రవంలోకి పోయిందా, లేక పెరిగిపోయి బొట్టంతా ఆవిరైందా అన్నది అంకె పక్కనే రాయాలి.

చిక్కినప్పటి స్థితి చెడలేదని తేల్చేది గుంపు పొందికే. ఉదాహరణకు ఒక గుంపులో అయిదు బొట్లు 205, 207, 208, 210, 212 ఇచ్చాయనుకుందాం. ఇది నమ్మదగ్గది. ఇంకో గుంపులో 140, 171, 208, 243, 290 వస్తే సగటు తీయొద్దు, ఆ సగటుకు అర్థం లేదు. ఆ గుంపు నెకింగో, సాగడమో, కారడమో జరిగింది. గుంపులన్నీ కలిపి ఒకే హిస్టోగ్రాం గీస్తే చెడ్డ అంకెలు మంచివాటిని కప్పేస్తాయి. గుంపు గుంపుకూ వేరే రంగు వేయండి.

అంకె నుంచి అర్థానికి

బుడగ మాయమైన ఉష్ణోగ్రత కనీసపు అంకె మాత్రమే. లోతులో ఒత్తిడి ఎంత ఉందో తెలిస్తే, ఐసోకోర్ గీత (నీటి సాంద్రత మారకుండా ఒత్తిడి, ఉష్ణోగ్రత కలిసి పెరిగే గీత) వెంట పైకి పోయి అసలు ఉష్ణోగ్రత చదవాలి. సుమారు 3.7 కిలోమీటర్ల రాతి బరువు 1 కిలోబార్ ఒత్తిడి ఇస్తుంది. పెగ్మటైట్ల లాంటి లోతు రాళ్ళకు ఈ సవరణ వంద డిగ్రీలకు పైగా ఉండొచ్చు. అందుకే ‘పెగ్మటైట్ 250 డిగ్రీల దగ్గర ఏర్పడింది’ అని నేరుగా రాయడం తప్పు. ఒకే గుంపులో నీటితో నిండినవి, ఆవిరితో నిండినవి పక్కపక్కనే ఉండి, రెండూ ఒకే ఉష్ణోగ్రత దగ్గర ఒకటైతే, నీరు మరుగుతుండగా చిక్కిందన్నమాట. అప్పుడు మాత్రం సవరణ అక్కర్లేదు.

ఉష్ణోగ్రత, ఉప్పు రెండూ కలిపి గ్రాఫు వేస్తే సిర ఎందుకు పేరుకుందో తెలుస్తుంది. ఉప్పు మారకుండా వేడి తగ్గితే ఉత్త చల్లారడం. రెండూ కలిసి తగ్గితే పైనీరు వచ్చి కలిసింది. వేడి కొద్దిగా తగ్గి ఉప్పు పెరిగితే మరగడం. లోహాలు కరిగిన నీరు మరిగినా, కలిసినా, పక్క రాయితో చర్య జరిగినా ఖనిజం దిగిపోతుంది.

చల్లారడం ఒక్కటే అయితే ఎంత నీరు కావాలో లెక్కేయండి. 250 డిగ్రీల దగ్గర కిలో నీటిలో సుమారు 486 మిల్లీగ్రాముల సిలికా కరుగుతుంది, 200 దగ్గర 265. కిలో నీరు ఆ యాభై డిగ్రీలు చల్లారితే దిగేది 221 మిల్లీగ్రాములు. ఘనమీటరు పలుగురాయి 2,650 కిలోలు కాబట్టి దానికి దాదాపు 12,000 టన్నుల నీరు ఆ పగులులోంచి ప్రవహించాలి. మార్కాపురం పలకల్లో సిరను చూసినప్పుడు పనికొచ్చే లెక్క ఇది. పెగ్మటైట్ క్వార్ట్జ్ కోర్‌కు మాత్రం దీన్ని అన్వయించకండి. అక్కడ సిలికా మొదట కరిగిన రాతిలోనే ఉంది, దూరం నుంచి నీరు మోసుకురాలేదు.

నోటుబుక్కులో ప్రతి వరసకూ ఇవి ఉండాలి: ముక్క నంబరు, గుంపు పేరు, అది ప్రైమరీయా సెకండరీయా తెలియదా, బొట్టు సైజు, బుడగ వాటా, మొదటి కరుగు, చివరి కరుగు, బుడగ మాయమైన అంకె, అది ద్రవంలోకా ఆవిరిలోకా, ఆ రోజు గది ఉష్ణోగ్రత. ఫోటో మీద అదే బొట్టుకు అదే నంబరు వేయాలి. ఆరు నెలల తర్వాత వేరేవాళ్ళు అదే బిళ్ళ తీసుకుని అదే బొట్టు దగ్గరికి చేరగలగాలి.